యజమాని మారిన రుచి మారునా?

“పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి” అన్న లోకోక్తి మన దేశంలో ఎంత సత్యమో, సముద్రాలకు ఆవల ఉన్న అమెరికాలోనూ అంతే సత్యం. అక్కడి ఏదైనా ఒక నగరంలో, ఒక వీధి మలుపులో, రెండు మూడు తరాలుగా నడుస్తున్న చిన్న హాట్ డాగ్ దుకాణం చేతులు మారబోతున్నదని తెలిసిన మరునాటి నుండి ఆ పేట అంతటా అదే చర్చ. పాత యజమాని ఎందుకు వదులుకుంటున్నాడు? కొత్తవాడు ఎవరు? ధర పెంచుతాడా? రుచి చెడగొడతాడా? ఇంతకాలం అక్కడే పనిచేసిన మనిషి ఉంటాడా, పోతాడా? ఈ ప్రశ్నలు పైకి అల్పంగా కనిపించవచ్చు. కాని వాటిని కొంత శ్రద్ధతో పరిశీలిస్తే వాణిజ్యశాస్త్రం, న్యాయశాస్త్రం, సమాజశాస్త్రం మూడూ అందులో కలగలిసి ఉన్నట్లు గోచరిస్తుంది. ఆ పరిశీలనయే ఈ వ్యాసం ఉద్దేశం.

హాట్ డాగ్ అనగా ఏమి?

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. ఈ పదార్థంలో పేరుకు తప్ప శునకానికి ఏ సంబంధమూ లేదు. మెత్తగా రుబ్బిన మాంసాన్ని ఉప్పు, మసాలా దినుసులతో కలిపి, సన్నని తొడుగులో నింపి, పొగబెట్టి ఉడికించిన పొడవాటి సాసేజిని, మధ్యకు చీల్చిన మెత్తని రొట్టెలో ఉంచి ఇస్తారు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్, ఆస్ట్రియాలోని వియన్నా నగరాల పేర్లతో దీనిని ఫ్రాంక్‌ఫర్టర్ అనీ, వీనర్ అనీ కూడ పిలుస్తారు. పంతొమ్మిదవ శతాబ్దంలో జర్మనీ నుండి వలస వచ్చినవారు దీనిని అమెరికాకు తీసుకువెళ్ళినారు.

కొన్ని రకాలు కేవలం గోమాంసంతోను, కొన్ని పందిమాంసంతోను, కొన్ని రెండింటి మిశ్రమంతోను తయారవుతాయి. కనుక మన విద్యార్థులలో పలువురికి ఇందులో కొన్ని నిషిద్ధాహారాలే. మరికొందరికి అన్నీ నిషిద్ధాలే. అయితే ఇక్కడ మనం విచారిస్తున్నది తినదగినదా కాదా అన్న విషయం కాదు, ఒక దుకాణానికీ దాని చుట్టూ ఉన్న జనానికీ గల అనుబంధాన్ని గూర్చి.

ఊరికొక తీరు ఉండటం ఈ ఆహారంలోని విశేషం. చికాగోలో గసగసాలు అద్దిన రొట్టెలో సాసేజిని ఉంచి, మస్టర్డ్ అనే ఆవాల ముద్ద, ఉల్లి తరుగు, టమాటో ముక్కలు, ఊరవేసిన దోసకాయ, చిన్న మిరపకాయలు, సెలరీ ఉప్పు చేరుస్తారు. టమాటో కెచప్ అడిగినవాడిని అక్కడి పాతకాలపు దుకాణదారులు వింతగా చూస్తారు. డెట్రాయిట్‌లో దానిపై చిక్కుడు గింజలు లేని మాంసపు కూర, ఆవాల ముద్ద, పచ్చి ఉల్లి వేస్తారు. వాషింగ్టన్‌లో హాఫ్ స్మోక్ అనే లావైన, కారం గల సాసేజి ప్రసిద్ధం. తమ ఊరి తీరే అసలైన తీరని ప్రతి ఊరివారూ వాదిస్తారు. ఇంతటి అభిమానం ఉన్నచోట యజమాని మారటం సామాన్య విషయం ఎట్లా అవుతుంది?

దుకాణం అమ్మినప్పుడు నిజంగా ఏమి అమ్ముడవుతుంది?

పొయ్యి, ఆవిరి పెట్టె, బల్లలు, గిన్నెలు – వీటి విలువను లెక్కగట్టడం తేలిక. స్థలం అద్దెది అయినచో అద్దె ఒప్పందాన్ని కొత్తవాని పేరిట మార్పించుకోవాలి. అందుకు భవనపు యజమాని సమ్మతించాలి. ఆహార విక్రయానికి నగరపాలక సంస్థ ఇచ్చే అనుమతి పత్రం అక్కడి చాలా నగరాలలో దుకాణంతోపాటు బదిలీ కాదు. కొత్తవాడు కొత్తగా దరఖాస్తు చేసుకోవలసినదే. దుకాణం పేరు వాణిజ్య చిహ్నంగా నమోదై ఉంటే దానిని విడిగా రాయించుకోవాలి. వంట రహస్యం సాధారణంగా ఏ దస్తావేజులోనూ ఉండదు. అది వండేవాని చేతిలోనే ఉంటుంది.

వీటన్నిటికీ మించినది మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఎరిగిన “గుడ్‌విల్”. ఒక వ్యాపారాన్ని కొన్నవాడు దాని నికర ఆస్తుల విలువకంటె అధికంగా చెల్లించిన మొత్తమే లెక్కల పుస్తకంలో గుడ్‌విల్‌గా కనిపిస్తుంది. పాత ఖాతాదారులు పాత చోటికే తిరిగి రాగల సంభావ్యతయే గుడ్‌విల్ అని ఇంగ్లండులో 1810లో లార్డ్ ఎల్డన్ అనే న్యాయమూర్తి వివరించినారు. ఇంతకంటె సరళమైన నిర్వచనం దొరకదు. గిరాకీ తిరిగి వస్తుందన్న ఆశనే కొత్త యజమాని డబ్బిచ్చి కొంటున్నాడు.

అయితే అమ్మినవాడు ఎదుటి వీధిలోనే మరొక దుకాణం తెరిస్తే ఆ ఆశ ఏమి కావాలి? మన దేశంలోని 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఈ చిక్కును ముందే గుర్తించినది. ఒక మనిషి తన వృత్తి వ్యాపారాలు చేసుకోరాదని నిర్బంధించే ఒప్పందం చెల్లదని దాని 27వ సెక్షను చెబుతూనే, ఒక మినహాయింపు ఇచ్చినది. గుడ్‌విల్‌ను అమ్మినవాడు, నిర్ణీత స్థానిక పరిధిలో అదే వ్యాపారం చేయనని కొన్నవానికి మాట ఇవ్వవచ్చు. ఆ పరిధి న్యాయస్థానానికి సహేతుకంగా తోచాలి. అనగా చట్టం దృష్టిలో గుడ్‌విల్ కొని అమ్మదగిన సొత్తు. కాని అది నిజంగా నివసించేది జనం మనస్సులో. జనం మనస్సును ఏ దస్తావేజుతోనూ బదిలీ చేయలేము. స్థానికుల అభిప్రాయాలకు ఇంత ప్రాధాన్యం రావడానికి మూలం ఇదే.

నాలుగు విధాల అభిప్రాయాలు

ఇటువంటి సందర్భాలలో వెలువడే అభిప్రాయాలను నాలుగు తెగలుగా విభజింపవచ్చు.

మొదటి తెగవారు నిరాశావాదులు. యజమాని మారినాడంటే రుచి పోయినట్లేనని వారి నిశ్చయం. కొత్తవాడు వండిన మొదటి ముద్ద నోట పెట్టకముందే వారు తీర్పు చెప్పివేస్తారు.

రెండవ తెగవారు పరీక్షకులు. ఒకసారి వెళ్ళి తిని చూతమంటారు. సాసేజి కొరికినప్పుడు తొడుగు పటుక్కున తెగుతున్నదా, రొట్టె వెచ్చగా ఉన్నదా, ఉల్లి తాజాదా అని గమనిస్తారు. వీరు సంఖ్యలో తక్కువైనా మాటలో నమ్మదగినవారు.

మూడవ తెగవారు మార్పును స్వాగతించేవారు. పాత యజమాని అలసిపోయినాడు, గోడలకు సున్నం లేదు, వేళకు తలుపు తెరవడం లేదు, కొత్త రక్తం రావలసినదే అని వీరి వాదం. “పాత ఒక రోత, కొత్త ఒక వింత” అన్న సామెత వీరికి వర్తిస్తుంది.

నాలుగవ తెగవారు రుచిని గూర్చి మాట్లాడరు, మనుషులను గూర్చి మాట్లాడతారు. ఇరవై ఏళ్ళుగా తన పేరు పెట్టి పిలిచి, అడగకుండానే తనకు కావలసినది చేతికిచ్చిన పనివాడు ఏమైనాడని అడుగుతారు. నా దృష్టిలో అందరికంటె లోతైన ప్రశ్న వీరిదే.

చరిత్ర చెప్పే సాక్ష్యం

ఈ అభిప్రాయాలలో ఏది సరియైనదో తేల్చుటకు కొన్ని ప్రసిద్ధ దుకాణాల చరిత్రను పరికింతము.

న్యూయార్కు సముద్రతీరాన ఉన్న కోనీ ఐలండులో చార్లెస్ ఫెల్ట్‌మన్ అనే జర్మన్ వలసదారు 1867 ప్రాంతంలో తోపుడు బండిపై సాసేజిలు అమ్మసాగినాడు. ఆ బండి క్రమంగా పెద్ద భోజనశాలగా ఎదిగినది. అక్కడ రొట్టెలు కోసే పనిలో చేరిన నేథన్ హాండ్‌వెర్కర్ పోలండు ప్రాంతం నుండి 1912లో వచ్చిన యూదుడు. కూడబెట్టుకున్న 300 డాలర్లతో 1916లో ఆయన సొంత దుకాణం తెరిచినాడు. ఫెల్ట్‌మన్ శాలలో 10 సెంట్లకు అమ్మే పదార్థాన్ని ఆయన 5 సెంట్లకే ఇచ్చినాడు. ఇంత చౌకగా ఇచ్చే మాంసం మంచిదేనా అని జనం శంకించినారు. ఆ శంకను తొలగించుటకు ఆయన తెల్లకోటులు ధరించిన మనుషులను దుకాణం ముందు నిలబెట్టి తినిపించి, వైద్యులే తింటున్నారన్న భ్రమ కలిగించినాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ మాట ఎట్లున్నా, 1920 ప్రాంతంలో భూగర్భ రైలు ఐదు సెంట్ల చార్జీకే జనాన్ని సముద్రతీరానికి చేర్చసాగినది. ఐదు సెంట్ల ప్రయాణానికి ఐదు సెంట్ల భోజనం తోడైనది.

తరువాత రెండు దుకాణాల గతి భిన్నంగా నడిచినది. ఫెల్ట్‌మన్ వంశీయులు తమ శాలను 1946లో ఇతరులకు అమ్మివేసినారు. 1954లో అది మూతపడినది. నేథన్ దుకాణం 1968లో వాటాలు జారీచేసి పబ్లిక్ కంపెనీ అయినది. 1974లో వ్యవస్థాపకుడు మరణించినాడు. 1987లో ఆ కుటుంబం సంస్థను మదుపుదారులకు విక్రయించినది. కాని పేరు నిలిచినది, దేశమంతటా వ్యాపించినది. ఒకచోట యజమాని మార్పు తరువాత ఎనిమిదేళ్ళకే అంతం, మరొకచోట విస్తరణ. కనుక యజమాని మారిన ప్రతి దుకాణమూ చెడుతుందన్న మొదటి తెగవారి సూత్రం నిలువదు. అట్లని ఎప్పుడూ మేలే జరుగుతుందనుటకూ వీలులేదు. పేరు వ్యాపించినంత మాత్రాన పూర్వపు ఆత్మీయత కూడ వెంట వచ్చినదా అన్నది ఆ పేటవారే చెప్పవలసిన మాట.

డెట్రాయిట్ నగరంలో లాఫయెట్ వీధిలో రెండు దుకాణాలు గోడకు గోడ ఆనించి నిలిచి ఉంటాయి. గ్రీసు దేశం నుండి వచ్చిన కెరోస్ సోదరులవి అవి. గస్ కెరోస్ 1917లో స్థాపించినది అమెరికన్ కోనీ ఐలండు. ఆయన సోదరుడు బిల్ పక్కనే నడిపినది లాఫయెట్ కోనీ ఐలండు. ఏది మేలన్న విషయంపై ఆ నగరవాసులు తరతరాలుగా రెండు పక్షాలైనారు. మొదటిది కుటుంబం చేతిలోనే నిలిచినది. రెండవది 1990 దశాబ్ది ఆరంభంలో అక్కడి ఉద్యోగుల చేతికే వచ్చినది. విశేషమేమనగా, లాఫయెట్ పక్షంవారు ఆ తరువాత కూడ తమ పక్షం వీడలేదు. యజమాని మారినా వడ్డించే చేయి మారలేదు గదా! నాలుగవ తెగవారి ప్రశ్నకు ఇంతకంటె మంచి సమాధానం మరొకటి లేదు.

చికాగోలో మరొక రకం ముగింపు చూస్తాము. డగ్ సోన్ అనే వంటవాడు 2001లో హాట్ డగ్స్ అనే దుకాణం తెరిచి, ఈ సామాన్య పదార్థాన్ని వింత వింత రకాలుగా వండి ప్రసిద్ధుడైనాడు. బాతు కాలేయపు వంటకాన్ని నగరం 2006లో నిషేధించగా, దానిని ధిక్కరించి 2007లో 250 డాలర్ల జరిమానా చెల్లించినాడు. 2008లో ఆ నిషేధమే రద్దయినది. జనం వీధి చుట్టూ బారులు తీరి ఉండగానే, ఆయన 2014 అక్టోబరు 3న దుకాణాన్ని మూసివేసినాడు. వ్యాపారాన్ని అలాగే నడిపించమని మరొకరి చేతిలో పెట్టలేదు. ఇదీ ఒక మార్గమే. ఈ మార్గంలో రుచి చెడిందన్న నింద రాదు. కాని ఆ రుచి ఇక ఎవరికీ దక్కదు.

బెన్ ఆలీ గాథ

మన పాఠకులకు ప్రత్యేకంగా తెలుపదగిన ఉదాహరణ వాషింగ్టన్ నగరంలోనిది. మహబూబ్ బెన్ ఆలీ ట్రినిడాడ్ ద్వీపంలో 1927లో జన్మించిన ముస్లిం. వారి పూర్వీకులు మన భారతదేశం వారు. ఆయన, భార్య వర్జీనియా కలిసి 1958 ఆగస్టు 22న యూ వీధిలో, ఒకప్పుడు మూకీ చిత్రాలు ఆడిన పాత భవనంలో “బెన్స్ చిల్లీ బౌల్” అనే దుకాణం తెరిచినారు. నల్లజాతివారి సంగీతానికీ వ్యాపారానికీ ఆ వీధి పెట్టింది పేరు.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన పిమ్మట ఆ నగరంలో అల్లర్లు చెలరేగి, ఆ వీధిలో అనేక దుకాణాలు దగ్ధమైనవి. కర్ఫ్యూ విధింపబడినది. ఆ రోజులలో బెన్ ఆలీ దుకాణం ప్రత్యేక అనుమతితో తెరిచి ఉండి, ఉద్యమకారులకు, అగ్నిమాపక సిబ్బందికి, పోలీసులకు సైతం అన్నం పెట్టినది. తరువాత ఆ వీధి క్షీణించినది. 1980 దశాబ్ది చివర భూగర్భ రైలు కోసం రోడ్డంతా తవ్వివేయగా గిరాకీ దాదాపు లేకుండాపోయినది. అయినా తలుపు మూయలేదు. 1991లో రైలు స్టేషను తెరవబడినది. వీధి మళ్ళీ కళకళలాడినది. 2009 జనవరి 10న, అధ్యక్షునిగా ప్రమాణం చేయుటకు పది రోజుల ముందు, బరాక్ ఒబామా అక్కడికి వచ్చి భోజనం చేసినారు. అదే సంవత్సరం అక్టోబరు 7న బెన్ ఆలీ కన్నుమూసినారు.

యాజమాన్యం ఇక్కడ పరాయివారికి పోలేదు, కుమారుల చేతికి వచ్చినది. విరాసత్ అంటే ఇదే. కాని వారసుడైనంత మాత్రాన జనాభిప్రాయాన్ని లక్ష్యపెట్టనవసరం లేదని వారు తలచలేదు. 2017లో దుకాణపు పక్కగోడపై ఉన్న చిత్రాన్ని చెరిపి, కొత్త చిత్రంలో ఎవరి రూపాలు ఉండవలెనో జనం ఓటు వేసి చెప్పవచ్చునన్నారు. గోడ తమదైనా, దానిని రోజూ చూసే పేటకు కూడ అందులో హక్కు ఉన్నదని అంగీకరించుట పెద్దమనస్సుకు నిదర్శనం.

అభిప్రాయాలలో నిజమెంత?

ఈ ఉదాహరణల వెలుగులో ఒక సాంకేతిక విషయాన్ని గమనించాలి. చాలా హాట్ డాగ్ దుకాణాలవారు సాసేజిని తాము తయారుచేయరు. కర్మాగారం నుండి తెప్పించుకుంటారు. చికాగోలో 1893 నాటి ప్రపంచ ప్రదర్శనలో సాసేజిలు అమ్మిన ఆస్ట్రియా హంగరీ వలసదారులు స్థాపించిన వియన్నా బీఫ్ సంస్థ ఆ నగరంలోని అసంఖ్యాక దుకాణాలకు సరఫరా చేస్తూ వచ్చినది. కనుక యజమాని మారినా సాసేజి అదే కావచ్చు. మారేది మరొకటి. నీటిని ఎంత వేడిమిలో ఉంచాలి, రొట్టెను ఎంతసేపు ఆవిరిపై పెట్టాలి, కూర ఎన్ని గంటలు మరగాలి, ఉల్లిని ఎప్పుడు తరగాలి – ఈ చిన్న చిన్న శ్రద్ధలలోనే రుచి ఉన్నది. సాసేజిని వేడినీటిలో ఎక్కువసేపు వదిలితే తొడుగు మెత్తబడి, కొరికినప్పుడు పటుక్కుమనదు. కొత్త యజమాని ఆదా కోసం చవక రకం తొడుగుకు మారినా అదే ఫలితం. నిరాశావాదులు చెప్పే మాటలలో ఈ మేరకు నిజం ఉండవచ్చు.

మరి కొన్ని సందర్భాలలో మారినది నాలుక కాదు, మనస్సు. చిన్ననాడు తండ్రి చేయి పట్టుకొని వెళ్ళి తిన్న రుచిని నలభై ఏళ్ళ తరువాత ఏ వంటవాడు తిరిగి ఇవ్వగలడు? ఆ లోటును కొత్త యజమాని ఖాతాలో వ్రాయుట న్యాయం కాదు.

ఇంతకంటె జాగ్రత్తగా విచారింపవలసిన విషయం మరొకటి ఉన్నది. జర్మన్ ఫెల్ట్‌మన్, పోలండు యూదుడు నేథన్, గ్రీకు సోదరులు, భారతసంతతి ముస్లిం బెన్ ఆలీ – ఈ ఆహారపు చరిత్ర అంతా వలసదారుల చరిత్రయే. న్యూయార్కులో 1990లో ముగ్గురు ఈజిప్టు దేశీయులు ఒక హాట్ డాగ్ బండి పెట్టినారు. టాక్సీ నడిపే ముస్లింలు హలాల్ భోజనం దొరకక ఇబ్బంది పడుతున్నారని గమనించి, హాట్ డాగ్ మాని, అన్నంపై కోడిమాంసం వడ్డించసాగినారు. అదే నేడు హలాల్ గైస్ అనే ప్రఖ్యాత సంస్థ. ఒకనాటి కొత్తవాడే మరునాటికి పాతవాడై, ఊరివాడై, ఊరి గర్వకారణమైనాడు. కాబట్టి “కొత్త యజమాని మనవాడు కాడు” అన్న మాట వినిపించినప్పుడు అది రుచిని గూర్చిన విమర్శయా, మనిషిని గూర్చిన అనుమానమా అని ఒక్క క్షణం ఆగి ప్రశ్నించుకోవాలి. రుచిపై విమర్శ ఎవరికైనా హక్కే. తినకముందే, వండినవాని పేరు విని చెప్పిన తీర్పును మాత్రం విమర్శ అనరాదు. అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులు చదివే మన కళాశాలలో ఈ భేదాన్ని వివరించి చెప్పనవసరం లేదనుకుంటాను.

ముగింపు

రేపు మన విద్యార్థులలో కొందరు వ్యాపారం కొంటారు, కొందరు అమ్ముతారు, కొందరు తండ్రి గల్లాపెట్టె వద్ద కూర్చుంటారు. వారికి ఈ చిన్న దుకాణాల చరిత్ర మూడు మాటలు చెబుతుంది. దుకాణం కొన్నప్పుడు వంటవానిని, పనివానిని పోగొట్టుకోరాదు. గుడ్‌విల్‌లో అధికభాగం వారివద్దనే ఉంటుంది. ధర పెంచవలసివస్తే, దేనికి పెంచినారో గిరాకీలకు తెలియజెప్పాలి. మార్పు చేయవలసివస్తే పేటవారిని అడిగి చేయాలి.

మిగిలిన మనకు, అనగా బల్ల ఇవతల కూర్చుని తినేవారికి, ఒకే మాట చాలు. కొత్త చేతితో వడ్డించిన పళ్ళెం ముందుకు వచ్చినప్పుడు, ముందు తిని, తరువాత తీర్పు చెప్పుదము.